స్పానిష్‌లో "తెరువు"కి ఆబ్రె, "తెరవండి"కి ఆబ్ర. ఈ తిరకాసు ఎవరైనా విప్పి చెప్తారా?

డల్లాస్_దుర్గ
డల్లాస్‌లో పళ్ల డాక్టరు దగ్గర అసిస్టెంటుగా చేస్తున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మెక్సికో, ఎల్ సాల్వడార్ కుటుంబాలవాళ్లు. ముసలివాళ్లకి ఇంగ్లీషు రాదు, స్పానిష్ ఒక్కటే. నాకు రోజూ కావలసింది కథలు చెప్పడం కాదు, పని చెప్పడం. నోరు తెరవండి, ఊపిరి పీల్చండి, ఉమ్మేయండి, నొప్పి పుడితే చెయ్యెత్తండి, ఇక్కడ సంతకం పెట్టండి. అంతే.

పుస్తకం తెరిస్తే పెద్ద పట్టిక. మాట్లాడడం అంటే అబ్లార్. "మాట్లాడు" అనాలంటే ఆబ్ల, "మాట్లాడండి" అనాలంటే ఆబ్లె. సరే, చివర 'ఎ' వస్తే మర్యాద అనుకున్నాను. తినడం అనే కొమేర్ దగ్గరికి వచ్చేసరికి తిరగబడింది. "తిను" కోమె, "తినండి" కోమ! ఒకచోట మర్యాద అయినది ఇంకోచోట ఏకవచనం ఎలా అవుతుంది? పైగా ఆబ్ల అంటే "అతను మాట్లాడతాడు" అని కూడా అట. మరి ఆజ్ఞ ఏదో మామూలు మాట ఏదో ఎదుటివాళ్లకి ఎలా తెలుస్తుంది? చూస్తేనే టెన్షన్ వస్తోంది.

కూకట్‌పల్లి_కాల్స్
అక్కా, పట్టిక పక్కన పెట్టండి. నేను మెక్సికో కస్టమర్లతో రాత్రి షిఫ్టు చేస్తాను. అందరికీ ఉస్తేద్ రూపమే, అంటే "మీరు" రూపం. తూ, అంటే "నువ్వు", మా దగ్గర నిషిద్ధం. ఎస్పేరె, మీరె, మార్కె ఊనొ. ఆగండి, చూడండి, ఒకటి నొక్కండి. బతుకు నడిచిపోతోంది.

మాడ్రిడ్_మురళి
@కూకట్‌పల్లి_కాల్స్ మీ పనికి అది సరే, అందరికీ సలహాగా ఇవ్వకండి. ఇక్కడ తూ తోనే పని జరుగుతుంది. కాఫీ కొట్టువాడు, ఆఫీసులో మేనేజరు, పక్కింటివాళ్లు, అందరూ తూ. మా టీములోవాళ్లకి ఉస్తేద్ వాడితే ఏదో కోపం వచ్చి దూరం పెట్టినట్టు అనుకుంటారు. పెద్ద వయసువాళ్లకి, కొన్నిచోట్ల డాక్టర్లకి మాత్రం ఉస్తేద్.

ఇఫ్లూ_సీనియర్
దుర్గ గారి ప్రశ్నకి ముందు జవాబు చెప్పుకుందాం, ఎవరికి ఏది అన్నది తర్వాత.

ముందుగా రాత గురించి ఒక మాట. స్పానిష్‌లో ఊనిక, అంటే మాటలో నొక్కి పలికే చోటు, ఎక్కడ పడుతుందో అక్కడ నేను దీర్ఘం పెడుతున్నాను, మిగతా చోట్ల హ్రస్వం. దుర్గ గారు రాసింది కూడా అలాగే ఉంది. ఇది ముఖ్యం, ఎందుకంటే ఊనిక జరిగితే అర్థం జరుగుతుంది. ఆబ్లొ అంటే "మాట్లాడతాను", అబ్లో అంటే "ఆయన మాట్లాడాడు".

క్రమమైన క్రియలు మూడు రకాలు. మూలరూపం చివర ఆర్ (అబ్లార్), ఏర్ (కొమేర్), ఈర్ (అబ్రీర్). ఆ తోక తీసేయండి. ఇప్పుడు:

నువ్వు అనేవాళ్లకి ఆర్ క్రియకి 'అ', ఏర్, ఈర్ క్రియలకి 'ఎ'. ఆబ్ల, కోమె, ఆబ్రె.
మీరు అనే ఒక్కరికి అచ్చులు మార్చుకోండి. ఆబ్లె, కోమ, ఆబ్ర.
మీరు అనే చాలామందికి దానికే 'న్' తగిలించండి. ఆబ్లెన్, కోమన్, ఆబ్రన్.

అంటే ఏ అచ్చుకీ సొంతంగా మర్యాద లేదు. ఆ క్రియకి మామూలుగా ఉండే అచ్చు "నువ్వు" వైపు, దానిది కాని అచ్చు "మీరు" వైపు. అంతకుమించి తిరకాసు లేదు.

ఇక ఆబ్ల అంటే "మాట్లాడతాడు" కూడా ఎందుకు? లాటిన్‌లో ఈ రెండూ వేరు. "ప్రేమించు"కి అమా, "ప్రేమిస్తాడు"కి అమత్. కాలక్రమంలో చివరి 'త్' రాలిపోయింది, రెండూ ఆమ అయ్యాయి. అందుకే ఇవాళ పుస్తకాలన్నీ "అతను రూపమే నువ్వు ఆజ్ఞ" అని సులువు సూత్రం చెప్తాయి. సూత్రంగా బాగుంది, పుట్టుక మాత్రం అది కాదు. ఎదుటివాళ్లకి ఎలా తెలుస్తుందంటే, గొంతుని బట్టి, సందర్భాన్ని బట్టి. కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం చూసి "ఆబ్రె ల బోక" అంటే నోరు తెరవమనే అర్థం అవుతుంది, ఎవరో నోరు తెరుస్తున్నాడని ఎవరూ అనుకోరు.

తెనాలి_మాస్టారు
"మీరు" రూపానికి దానిది కాని అచ్చు ఎందుకు వచ్చిందో కూడా చెప్పవోయ్. అది చెప్తేనే మనసుకి పడుతుంది.

ఇఫ్లూ_సీనియర్
@తెనాలి_మాస్టారు చెప్తాను మాస్టారూ. ఉస్తేద్ అనే మాట బువేస్త్ర మెర్సేద్ నుంచి అరిగిపోయి వచ్చింది. మన "తమరు", "ఏలినవారు" లాంటి సంబోధన. అంత పెద్దమనిషికి నేరుగా పని చెప్పరు కదా, "జరగాలి" అని కోరుకుంటారు. అందుకని ఆజ్ఞ రూపం కాకుండా కోరికని తెలిపే క్రియారూపం వాడారు, అదీ ప్రథమ పురుషలో. ఆ కోరిక రూపంలోనే అచ్చులు తారుమారవుతాయి.

తెనాలి_మాస్టారు
అయితే ఇది మన "గాక" అన్నమాట! "పలుకు" అన్నది ఆజ్ఞ, "తమరు పలుకుదురు గాక" అన్నది ప్రార్థన. పద్యాల్లో, శాసనాల్లో, ఆశీర్వచనాల్లో ఎంత చూశాం. తెలుగులో "గాక" పీఠం మీదే ఉండిపోయింది. వాళ్లు దాన్ని వీధిలోకి, కొట్టులోకి తెచ్చుకున్నారు. "వర్ధిల్లుగాక" అనడానికి వాళ్లకి ఏమిటో?

ఇఫ్లూ_సీనియర్
బీబ! బ్రతకడం బిబీర్, ఈర్ క్రియ, అచ్చు మారి బీబ. మనవాళ్లు నినాదాల్లో "వివా" అని పలికేది ఇదే. "తినండి" అనే కోమ, "తెరవండి" అనే ఆబ్ర కూడా అదే అచ్చులో పోసినవి.

డల్లాస్_దుర్గ
ఇప్పుడు వెలిగింది. పుస్తకంలో ఈ ఒక్క ముక్క రాసి ఉంటే ఎంత బాగుండేది! అయితే నా జాబితాలో పెద్దవాళ్లకి ఇలా కదా: ఆబ్ర ల బోక (నోరు తెరవండి), రెస్పీరె (ఊపిరి పీల్చండి), ఎస్కూప (ఉమ్మేయండి), లెబాంతె ల మానొ (చెయ్యెత్తండి), ఫీర్మె అకీ (ఇక్కడ సంతకం పెట్టండి).

ఇఫ్లూ_సీనియర్
ఐదూ సరైనవే. ఎస్కూప ఈర్ క్రియ కాబట్టి 'అ', మిగతా మూడూ ఆర్ క్రియలు కాబట్టి 'ఎ'. ఆబ్ర కూడా ఎస్కూప జట్టే.

ఎడిసన్_అమ్మ
మా అబ్బాయి హైస్కూల్లో స్పానిష్ తీసుకున్నాడు. వాళ్లకి ముందు తూ ఆజ్ఞలే నేర్పుతున్నారు, పరీక్షలోనూ అవే. ఉస్తేద్ తర్వాత పాఠంలో వస్తుందట. మీరంతా ఉస్తేద్ నుంచి మొదలుపెడుతుంటే వాడికి ఏది చెప్పాలో అర్థం కావట్లేదు.

మాడ్రిడ్_మురళి
@ఎడిసన్_అమ్మ బడి పద్ధతి సరైనదే. పిల్లలు పిల్లలతో మాట్లాడతారు. మీర (చూడు), ఎస్పేర (ఆగు), కోర్రె (పరిగెత్తు), ఎస్క్రీబె (రాయి). వాడికి ఇవే కావాలి.

బొగోటా_భాస్కర్
ఇక్కడ బొగోటాలో తండ్రి కొడుకుని, అన్న తమ్ముణ్ని, మొగుడు పెళ్లాన్ని కూడా ఉస్తేద్ అని పిలవడం నేను రోజూ వింటాను. ఫుట్‌బాల్ ఆడే పిల్లకాయలు ఒకడినొకడు "పాసె!", అంటే బంతి ఇవ్వమని, అరుచుకుంటారు. ఉస్తేద్ అంటే దూరం అన్న మురళి గారి మాట స్పెయిన్‌కి నిజం, ఇక్కడికి కాదు. అచ్చంగా ప్రేమతో అనే ఉస్తేద్ ఇది.

కూకట్‌పల్లి_కాల్స్
చూశారా, నా మాటకి కొలంబియా నుంచి బలం వచ్చింది.

మాడ్రిడ్_మురళి
@కూకట్‌పల్లి_కాల్స్ ఒక్క ఊరి అలవాటు పట్టుకుని రూలు పెట్టలేం. దుర్గ గారి దగ్గరికి ఐదేళ్ల పిల్ల వస్తుంది. ఆ పిల్లని పట్టుకుని "ఆబ్ర ల బోక" అంటే బెదిరిపోదా? మెక్సికో ఇళ్లలో పిల్లల్ని ఎక్కువగా తూ అనే అంటారు. పిల్లలకి ఆబ్రె, పెద్దలకి ఆబ్ర. రెండూ రావాలి. ఒక్క అచ్చు తేడాకి బద్ధకిస్తే ఎలా?

కూకట్‌పల్లి_కాల్స్
బద్ధకం కాదు మురళి గారూ. ఫోన్లో ఎదుటి మనిషి వయసు తెలియదు. తెలియనప్పుడు మర్యాదవైపు ఉండాలి. ఆమె ఎదురుగా చూస్తుంది కాబట్టి మీరు చెప్పింది ఒప్పుకుంటాను.

డల్లాస్_దుర్గ
ఇద్దరిదీ నాకు పనికొచ్చింది. పిల్లలకి ఆబ్రె, తాతలకి ఆబ్ర. మరి తల్లీ పిల్లా కలిసి లోపలికి వస్తారు, అప్పుడు?

తెనాలి_మాస్టారు
ఇక్కడ తెలుగువాళ్లు జాగ్రత్త పడాలమ్మా. మన "రండి" ఒక్క పెద్దమనిషికీ సరిపోతుంది, పదిమంది పిల్లలకీ సరిపోతుంది. ఆ అలవాటుతో అందరికీ ఒకటే రూపం వాడేస్తాం. పై పోస్టులో ఇఫ్లూ అబ్బాయి చెప్పిన 'న్' అందుకే.

బొగోటా_భాస్కర్
అవును. లోపలికి రమ్మనడానికి ఒక్కరికి పాసె, ఒక్కరు దాటితే పాసెన్. అమెరికా ఖండాల్లో బహువచనానికి చనువు, మర్యాద అన్న తేడా లేదు. పిల్లలకైనా, జడ్జీలకైనా పాసెన్, ఎస్పేరెన్, ఆబ్రన్.

మాడ్రిడ్_మురళి
ఇక్కడ మాత్రం ఉంది. చనువున్నవాళ్లు చాలామంది అయితే బొసోత్రొస్. మూలరూపం చివరి 'ర్' తీసి 'ద్' పెట్టడమే. అబ్లాద్, కొమేద్, అబ్రీద్. ఒక్క మినహాయింపు కూడా లేని రూపం ఇది. స్పానిష్‌లో ఇంత శుభ్రమైన సూత్రం ఇంకోటి చూడలేదు. లాటిన్ బహువచన ఆజ్ఞలో ఉన్న 'తె' అరిగి ఇలా 'ద్' అయింది.

నిజం చెప్పాలంటే వీధిలో ఆ 'ద్' అంతగా వినపడదు. మూలరూపాన్నే ఆజ్ఞగా వాడేస్తారు, "పసార్, పసార్" అని. బడిలో టీచరు ఒప్పుకోరు. కాని వినాలి కదా, అందుకని చెప్తున్నాను.

గుంటూరు_గీత
మరి అర్జెంటీనా వీడియోల్లో మిరా అని చివర సాగదీస్తారేం? నేను చూసే వంటావిడ "మిరా, మిరా" అంటూనే ఉంటుంది. మీర కదా అనాలి?

ఇఫ్లూ_సీనియర్
@గుంటూరు_గీత అది బోస్ రూపం. అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వేల్లో, మధ్య అమెరికాలో చాలాచోట్ల తూ బదులు బోస్. మురళి గారు చెప్పిన అబ్లాద్, కొమేద్, అబ్రీద్ తీసుకుని ఆ 'ద్' కూడా రాల్చేయండి. అబ్లా, కొమే, అబ్రీ. ఊనిక చివర ఉండిపోయింది, అందుకే మీకు సాగదీసినట్టు వినిపించింది. దుర్గ గారూ, ఎల్ సాల్వడార్ వాళ్లు ఇంట్లో పిల్లలతో "అబ్రీ ల బోక" అనడం మీ చెవిన పడవచ్చు. అలా పడితే తప్పుగా మాట్లాడుతున్నారనుకోవద్దు.

డల్లాస్_దుర్గ
ఓహో! ఒక అమ్మమ్మ మనవడితో అచ్చం అలాగే అంటుంటే వేరే మాటేమో అనుకున్నాను.

వరంగల్_వంశీ
నాకు గుర్తుండడానికి ఒక చిట్కా. మిరార్ అంటే చూడడం. "చూడండి" అనాలంటే మీరె. మనం "మీరే" అన్నట్టే ఉంటుంది. "మీరు" అనేవాళ్లకి మీరె. ఆర్ క్రియ ఏది వచ్చినా ఇది తలుచుకుంటే 'ఎ' దానంతటదే వస్తుంది.

ఎడిసన్_అమ్మ
@వరంగల్_వంశీ భలే! మా వాడికి చెప్పాను, పడీ పడీ నవ్వాడు. ఇంక మర్చిపోడు.

తెనాలి_మాస్టారు
ఉత్త శబ్దసామ్యమే అయినా జ్ఞాపకానికి మంచి కొక్కెం.

కూకట్‌పల్లి_కాల్స్
ఇంకోటి వినండి. మింగడం అంటే త్రగార్. "మింగండి" త్రాగె, "మింగు" త్రాగ. దుర్గక్కకి రోజూ పనికొచ్చేదే. తాగమని మాత్రం కాదు సుమా, తాగడం బెబేర్. "తాగండి" బేబ.

డల్లాస్_దుర్గ
త్రాగె! ఇది గోడ మీద రాసి పెట్టుకుంటాను. కాని ఒక అనుమానం. పుస్తకంలో త్రాగె అన్నదాని రాతలో మధ్యలో ఒక 'యు' చేరింది. అది క్రమం తప్పిన క్రియా?

ఇఫ్లూ_సీనియర్
కాదు. చెవికి పూర్తిగా క్రమమైనదే. రాతలో మాత్రం మార్పు. స్పానిష్ లిపిలో 'గ' అక్షరం తర్వాత 'ఎ' వస్తే 'హె' అని పలుకుతారు. త్రాహె అయిపోకుండా మధ్యలో 'యు' రాస్తారు, అది పలకదు. చెల్లించడం పగార్, పాగె కూడా ఇంతే. వెతకడం బుస్కార్, బూస్కె అన్నప్పుడు 'సి' తీసి 'క్యు, యు' రాస్తారు. ఫోన్లో వచ్చే మార్కె కూడా అదే బాపతు. తెలుగు లిపిలో రాసుకుంటే ఈ గొడవే లేదు.

బొగోటా_భాస్కర్
దుర్గ గారూ, వీధిలోనే సగం నేర్చుకోవచ్చు. స్పానిష్ దేశాల బోర్డుల మీద ఎక్కువగా ఉస్తేద్ ఆజ్ఞలే. ఇక్కడ రోడ్డు కూడలిలో ఎర్ర బోర్డు మీద పారె, "ఆగండి". పరార్ అనే ఆర్ క్రియ. చిలీ, పెరూ, అర్జెంటీనాల్లోనూ అదే. మెక్సికోలో మాత్రం ఆల్తొ అని ఉంటుంది, అది క్రియ కాదు. తలుపు మీద ఎంపూహె అంటే తోయండి. ఏటీఎంలో ఇన్సేర్తె సు తర్హేత, "మీ కార్డు పెట్టండి". మీ అమెరికాలోనే ఏ ఆఫీసుకి ఫోన్ చేసినా "స్పానిష్ కావాలంటే రెండు నొక్కండి" అని వస్తుంది కదా, అందులో ఒప్రీమ అంటారు. ఒప్రిమీర్, ఈర్ క్రియ, అందుకే 'అ'.

మాడ్రిడ్_మురళి
స్పెయిన్‌లో ఆ బోర్డు మీద ఇంగ్లీషు మాట "స్టాప్" ఉంటుంది. తలుపుల మీద మూలరూపమే, ఎంపుహార్. బోర్డులు చూసి నేర్చుకుందామంటే ఇక్కడ కష్టం.

గుంటూరు_గీత
వంట వీడియోలు చూడండి అక్కా. కోయండి, కలపండి, వేయించండి, అన్నీ ఆజ్ఞలే. నేను అలాగే నేర్చుకుంటున్నాను. కోర్తె, మేస్క్లె. అర్జెంటీనా ఆవిడైతే కొర్తా, మెస్క్లా.

ఎడిసన్_అమ్మ
ఒక చిన్న విషయం అడగనా? ఇలా ఆజ్ఞలు వేస్తుంటే మొరటుగా ఉండదా? మా వాడి టీచరు ప్రతి వాక్యానికీ పోర్ ఫబోర్, అంటే "దయచేసి", తగిలించమంటారు.

మాడ్రిడ్_మురళి
ఇక్కడ అలా అనిపించదు. భోజనాల బల్ల దగ్గర "పాసమె ల సాల్", "ఉప్పు ఇటివ్వు" అంటారు, ఎవరూ నొచ్చుకోరు. మన ఇళ్లలో "ఆ పప్పు ఇటివ్వు" అన్నట్టే. ప్రతిదానికీ పోర్ ఫబోర్ అంటే కొత్తవాడని తెలిసిపోతుంది.

బొగోటా_భాస్కర్
ఇక్కడ సాదాగా ఆజ్ఞ వేస్తే కాస్త మొహం చిట్లిస్తారు. కొట్టులో కాఫీ కావాలంటే "మె రెగాల ఉన్ తీంతొ?" అని అడుగుతారు. మాటకి మాట చూస్తే "ఒక కాఫీ బహుమతి ఇస్తారా?" డబ్బు ఇచ్చే తాగుతారు లెండి.

తెనాలి_మాస్టారు
అమ్మాయి పనిచేసేది వైద్యం దగ్గర. అక్కడ మాట పొట్టిగా, స్పష్టంగా ఉండడమే దయ. డ్రిల్లు నోట్లో ఉండగా మర్యాద వాక్యాలు అల్లుతూ కూర్చోకూడదు. మొదట ఒకసారి పోర్ ఫబోర్, తర్వాత ఆబ్ర, రెస్పీరె, చాలు. గొంతు మెత్తగా ఉంటే సరిపోతుంది.

డల్లాస్_దుర్గ
మాస్టారూ, మీ మాటే పాటిస్తాను. చికిత్స మధ్యలో నాకూ అదే అనిపిస్తుంటుంది, భయంతో ఉన్నవాళ్లకి చిన్న మాటే ధైర్యం.

వరంగల్_వంశీ
మెక్సికోవాళ్లు పిలిస్తే "మాందె" అని పలుకుతారు, విన్నారా? మందార్ అంటే ఆజ్ఞ ఇవ్వడం. మాందె అంటే "ఆజ్ఞాపించండి". అమ్మ పిలిస్తే పిల్లలు ఇలా పలుకుతారు. స్పెయిన్‌లో ఫోన్ ఎత్తితే "దీగమె" అంటారట, "చెప్పండి" అని. మనం ఫోనెత్తి "ఆఁ, చెప్పండి" అన్నట్టే.

మాడ్రిడ్_మురళి
దీగమె నిజమే, రోజూ వింటాను. అది క్రమం తప్పిన క్రియ కాబట్టి ఇక్కడ వదిలేద్దాం. కాని చివర ఉన్న ఆ 'మె' చూడండి. నన్ను, నాకు, దాన్ని లాంటి చిన్న మాటలు ఆజ్ఞకి వెనకాల అతుక్కుంటాయి. యామమె, "నాకు ఫోన్ చెయ్యి". యామెమె, "నాకు ఫోన్ చెయ్యండి". కోంప్రలొ, "దాన్ని కొను". తోక పెరిగినా ఊనిక మొదట ఉన్నచోటే ఉంటుంది, అందుకే రాతలో అక్కడ గీత పెడతారు.

గుంటూరు_గీత
"చేద్దాం" అనడానికి ఏమిటి? "తిందాం", "మాట్లాడదాం"?

ఇఫ్లూ_సీనియర్
అదీ మాస్టారి "గాక" కుటుంబమే. అబ్లేమొస్, కొమామొస్, అబ్రామొస్. అచ్చు మారిందా లేదా చూసుకోండి. మాటల్లో ఎక్కువగా "బామొస్ అ కొమేర్" అంటారు, అది ఇంకా సులువు.

కూకట్‌పల్లి_కాల్స్
"చెయ్యకండి" ఎలా? కదలకండి, మింగకండి అని కూడా కావాలి కదా అక్కకి.

ఇఫ్లూ_సీనియర్
ఉస్తేద్‌కి ముందు "నొ" పెడితే చాలు. నొ త్రాగె, "మింగకండి". తూ కి మాత్రం రూపం మారుతుంది, నొ త్రాగెస్. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇందులో కలిపితే అన్నీ కలగాపులగం అవుతాయి.

డల్లాస్_దుర్గ
రేపటికి రాసుకున్నాను, ఒకసారి చూడండి. తాతగారికి: పాసె. ఆబ్ర ల బోక. రెస్పీరె. నొ త్రాగె. ఎస్కూప. ఎంహువాగె. ఫీర్మె అకీ. చిన్నపిల్లకి: పాస. ఆబ్రె ల బోక. రెస్పీర. ఎస్కూపె.

బొగోటా_భాస్కర్
అన్నీ బాగున్నాయి. పుక్కిలించమనేది ఒక్కటే మార్చండి. తన నోరు తనే పుక్కిలించుకుంటాడు కాబట్టి చివర 'సె' చేర్చండి, ఎంహువాగెసె. పిల్లకైతే ఎంహువాగతె.